తమ్ముడికి మీరు వేసిన పీట

"మాది తిరుపతి. మా ఆయన కువైట్‌లో డ్రైవరు, రెండేళ్లకోసారి వస్తారు. అబ్బాయికి 17 నిండినాయి. ఇంటర్లో రెండు సబ్జెక్టులు పోయినాయి. పోయిన నెల భాకరాపేట రోడ్డులో ఎర్రచందనం బండికి ముందు బైకు మీద పోతా ఉంటే పట్టుకున్నారు. జువెనైల్ బోర్డు బెయిల్ ఇచ్చింది. ఎనిమిది నెలలుగా వీధి చివర పిలకాయలతో చెడు సావాసం. మా తమ్ముడు కూడా ఒకసారి ఇట్లాంటి కేసులోనే లోపలికి పోయొచ్చినాడు కాబట్టి, ఇది మీ పుట్టింటి రక్తం అంటోంది మా అత్త. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాలా? ఇట్లాంటి పిలకాయలనే చేర్చుకుని దారిలో పెట్టే హాస్టల్ హైదరాబాదులో ఉందంట, అక్కడ వేయాలా? లాయరు ఖర్చు తమ్ముడే పెట్టుకుంటానన్నాడు. పెద్దబిడ్డను వాడికే ఇవ్వాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం." – ఒక తల్లి, తిరుపతి

అమ్మా,

పూజ మీ ఇష్టం, చేయించుకోండి. హాస్టల్ వద్దు. మీరు అడిగినవి ఆ రెండే, అసలు సంగతి ఆ రెండింట్లోనూ లేదు. పైన అచ్చయింది మీ ఉత్తరంలో కొంతే. నాలుగు పేజీల్లో మూడు పేజీలు వీధి పిలకాయల మీద రాశారు. తమ్ముడి గురించి రాసింది పది వాక్యాలు ఉండవు, అవీ మాటల్లో దొర్లినట్టు వచ్చినవే. నేను పట్టుకున్నది ఆ పది వాక్యాలనే.

ముందు లాయరు సంగతి, అది వచ్చే వాయిదాలోపు తేలాలి. మీ అబ్బాయిని ఆ రాత్రి బండి ముందు పంపిందెవరో మీరు రాయలేదు. ఆ బైకు ఎవరిచ్చారో మాత్రం రాశారు: పదో తరగతి పాసైనప్పుడు మామ కొనిచ్చాడు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 83వ సెక్షన్ ఉంది. పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దవాళ్లకు 7 ఏళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల జరిమానా. పదిహేడేళ్లవాడిని పైలట్‌గా, అంటే సరుకు బండికి ముందు దారి చూస్తూ పోయేవాడిగా, ఎందుకు పెడతారు? చిక్కితే చిన్నపిల్లోడని వదిలేస్తారన్న లెక్కతో. బోర్డు ముందు మీ వాడికి ఉన్న గట్టి మాట ఒక్కటే: "నన్ను ఫలానా పెద్దమనిషి పంపించాడు." ఆ పెద్దమనిషి మీ తమ్ముడే అని నేననను. మీ తమ్ముడు ఫీజు కట్టిన లాయరు మాత్రం ఆ ప్రశ్న మీవాడిని అడగడు. అందుకే ఆ వకీలు వద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల కమిటీ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. అబ్బాయి పుట్టినతేదీకి పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, బెయిల్ ఆర్డరు కాపీ వెంట పెట్టుకుపోండి.

ప్రొబేషన్ ఆఫీసరు వచ్చినప్పుడు మీరు చేయబోయే తప్పు కూడా ఇప్పుడే చెప్పేస్తాను. పిల్లాడి ఇంటి పరిస్థితుల మీద బోర్డుకు ఇచ్చే సామాజిక విచారణ నివేదిక కోసం ఆయన ఇంటికొస్తారు. ఇంట్లో ఎవరిమీదైనా కేసులున్నాయా అని అందులో అడుగుతారు. పరువు పోతుందని మీరు తమ్ముడి పేరు మింగేస్తారు. మింగొద్దు. పిల్లలకు బెయిల్ ఇవ్వడమే బాలల న్యాయ చట్టంలో పద్ధతి. కాదనడానికి ఉన్న కొద్ది కారణాల్లో ఒకటి, బయటికొస్తే నేరస్తులతో సావాసం కలుస్తుందని నమ్మేందుకు ఆధారం ఉండడం. దాచింది తర్వాత బయటపడితే బెయిలుకే ముప్పు. "మా తమ్ముడిమీద కేసుంది, అతన్ని ఇంటికి రానివ్వడం లేదు" అని మీరే చెబితే అది మీవాడికి రక్ష. అయితే అది నిజమై ఉండాలి కదా.

అత్తగారి మాట తప్పు. ఆవిడ వేలు చూపించిన మనిషి మాత్రం తప్పు కాదు. నేరం నెత్తుటిలో రాదు, నేర్చుకుంటారు అని అమెరికాలో ఎడ్విన్ సదర్లాండ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1939లోనే సిద్ధాంతం కట్టాడు. సావాసం ఎంత బలంగా పట్టేదీ నాలుగింటిని బట్టి ఉంటుందని 1947లో అన్నాడు: ఎంత తరచుగా, ఎంతకాలంగా, ఎంత చిన్న వయసు నుంచి, ఎంత దగ్గరి మనిషితో. మీ వీధి పిలకాయలను ఆ కొలతలో పెట్టండి. తరచుగా, అవును, రోజూ కలుస్తారు. మిగిలిన మూడింట్లో? వాళ్లతో పరిచయం ఎనిమిది నెలలు. మీ తమ్ముడు మీ ఇంట్లో తిరుగుతున్నది పిల్లాడికి ఆరేళ్లప్పటినుంచి, అంటే నాయన కువైట్ పోయినప్పటినుంచి. సైకిల్ నేర్పింది మామ, మొదటి సెల్‌ఫోన్ మామ, స్కూల్లో సంతకానికి మామ. నాయన ఖాళీ చేసిన చోటులో కూర్చున్న మనిషి ఆయన. వీధి పిలకాయలు వాడికి దొరికిన జోడీలు. గురువు ఇంట్లోనే ఉన్నాడు.

ఇక మీరు. మీరు రాసిందే తిరిగి రాస్తాను. చీటీ పాట బాకీ రెండు లక్షలు తమ్ముడు కట్టాడు. పెద్దబిడ్డ పెద్దమనిషి అయినప్పుడు మేనమామ సారె ఊరంతా చెప్పుకునేట్టు తెచ్చాడు. జైలు నుంచి బెయిల్ మీద వచ్చిన రోజు మీరు నాటుకోడి పులుసు, సంగటి చేసి, పీట వేసి, దిష్టి తీసి కూర్చోబెట్టారు. ఆ ఏడు గంగజాతరలో మీ వీధి ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో కూడా వేశారు. తోడబుట్టినవాడు ఇల్లు చేరితే అన్నం పెట్టకుండా ఉంటామా అంటారు. పెట్టండి. మీరు పెట్టింది అన్నం కాదమ్మా, పట్టాభిషేకం.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. పెద్దమనిషి గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లలు, అవకాశం దొరకగానే తామూ అట్లాగే కొట్టారు. 1965లో దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోయాడు. సినిమాలో బొమ్మను కొట్టినవాడికి కొందరు పిల్లల ఎదుట మెప్పు దక్కింది, కొందరి ఎదుట దండన పడింది. దండన చూసినవాళ్లు తక్కువగా కొట్టారు. అప్పుడు పిల్లలందరికీ పండ్లరసం, బొమ్మల స్టిక్కర్లు ఇస్తామని, చూసింది చేసి చూపించమన్నాడు. అందరూ ఇంచుమించు ఒకేలా చేసి చూపించారు. నేర్చుకోవడం అందరిలోనూ జరిగిపోయింది. చేయడమా మానడమా అన్నది మాత్రం ఫలితాన్ని చూసి తేల్చుకున్నారు.

మీ ఇంట్లో పిల్లాడు చూసిన ఫలితమేది? జైలు వాడు చూడలేదు, ఎందుకంటే ములాఖత్‌కు మీరు వాడిని తీసుకుపోలేదు. చూసింది పీట, పులుసు, ఫ్లెక్సీ. నాయన ఎండలో బండి తోలి పంపే డబ్బుకు మీ ఇంట్లో దక్కే మర్యాద బ్యాంకు మెసేజ్ అంత. మామ తెచ్చే డబ్బుకు దక్కేది పండగ. పదిహేడేళ్లవాడికి ఈ లెక్క రాదనుకోకండి.

ఇంకొకటి. చేసే తీరు ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు, చేసిన తర్వాత నిద్ర పట్టడానికి సాకులు కూడా నేర్చుకోవాలి. 1957లో సైక్స్, మాట్జా అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఈ సాకులను అయిదు రకాలుగా విడదీశారు: నా తప్పు కాదు, ఎవరికీ నష్టం లేదు, వాడికి అట్లా కావాల్సిందే, పట్టుకునేవాళ్లే పెద్ద దొంగలు, నా వాళ్లకోసం చేశాను. మీ అబ్బాయి మీతో అన్నవి చూడండి. "అడవిలో చెట్టు ఎవురిదిమా?" అన్నాడు. "పెద్దోళ్లను ఒక్కర్నీ పట్టుకోరు" అన్నాడు. "అక్క పెండ్లికి కావాల్నే" అన్నాడు. అయిదింట్లో మూడు! రెండోది సగం నిజం కూడా. దాన్ని కాదని వాదించకండి, ఓడిపోతారు. మిగతా సగం చెప్పండి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో పోయిన 20 మందీ తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్లు. పెద్దోళ్లు దొరకరు కాబట్టే పైలట్ దొరుకుతాడు, కూలి పోతాడు. నువ్వు ఆ వరసలో ఎక్కడున్నావో చూసుకో అనండి. ఒక్కసారి చెప్పి ఊరుకోండి. రోజూ చెబితే పాట అయిపోతుంది.

హాస్టల్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. దారి తప్పిన పిల్లలనే ఒకచోట చేర్చి బాగుచేద్దామనుకున్న కార్యక్రమాల్లో కొన్ని వాళ్లను ఇంకా చెడగొట్టాయని థామస్ డిషియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1999లో చూపించారు. అక్కడ ఒకడు తను చేసిన వెధవ పని చెబితే మిగతావాళ్లు నవ్వుతారు. ఆ నవ్వే బహుమానం. వార్డెను బెత్తం దాని ముందు పనిచేయదు. హైదరాబాదు పంపితే మీవాడికి ఇంకో నలభై మంది జోడీలు దొరుకుతారు, అంతే.

చేయవలసింది ఇది. నెలకింత అని పంచుకునే పని కాదు, ఒకేసారి మొదలుపెట్టాలి. తమ్ముడికి ఫోన్ చేసి ఈ మాటలే అనండి: "కేసు తేలేదాకా మా గడప తొక్కొద్దు. అబ్బాయికి ఫోన్ చేయొద్దు. డబ్బు పంపొద్దు. నువ్వు తమ్ముడివి కావని అనడం లేదు." ఏడవకుండా చెప్పండి. మీ ఆయనకు కూడా ఈ వారమే చెప్పండి. ఇప్పటికీ ఆయనకు సంగతి తెలియకపోవడం ఇంకో దాపరికం. రోజూ రాత్రి ఆయనే పిల్లాడికి వీడియో కాల్ చేయాలి, పది నిమిషాలు చాలు, కేసు మాట ఎత్తకుండా.

మామ రాక ఆగిన మొదటి రెండు మూడు వారాలు పిల్లాడు ఇప్పటికంటే చెడుగా ఉంటాడు. అన్నం విసిరేస్తాడు, తలుపు వేసుకుంటాడు, మామ దగ్గరికే పోతానంటాడు. అలవాటైన బహుమానం ఆగినప్పుడు మనిషి ముందు మరింత గట్టిగా అడుగుతాడు, తర్వాతే తగ్గుతాడు. ఇళ్లలో పని చెడేది సరిగ్గా అక్కడే: మూడో వారంలో తల్లి కరిగి "ఒక్కసారి మామతో మాట్లాడు" అంటుంది. అప్పుడు వాడు నేర్చుకునేది, మూడు వారాలు గొడవ చేస్తే దొరుకుతుందని. తర్వాతిసారి ఆరు వారాలు చేస్తాడు.

ఖాళీ అయిన చోట ఏదో ఒకటి కూర్చోవాలి. బండి పని అంటే వాడికి ప్రాణమని రాశారు. పదో తరగతి పాసయ్యాడు కాబట్టి ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సుకు పోవచ్చు, రెండేళ్లు. పోయిన సబ్జెక్టులు సప్లిమెంటరీలో రాయొచ్చు, కానీ ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం అనే ఆశ వాడికి ఇప్పుడు పనిచేయదు. ఒక రాత్రికి మూడు వేలు తెల్లారేసరికి చేతిలో పడిన పిల్లాడు వాడు. వారం వారం చేతికొచ్చే చిన్న సంపాదన కావాలి, సాయంత్రం రెండు మూడు గంటలు ఏదైనా షెడ్డులో. ఆ షెడ్డు ఎవరిదో, రాత్రిపూట అక్కడికి ఏ బండ్లు వస్తాయో ముందు మీరే పోయి చూసిరండి. అమెరికాలోనే బోస్టన్ వైపు 500 మంది దారి తప్పిన పిల్లల జీవితాలను ముసలితనం దాకా గమనించిన శాంప్సన్, లాబ్ కూడా, దారి మళ్లించిన వాటిలో నిలకడైన పని ఒకటని చెప్పారు. పెళ్లి కూడా అన్నారు, కానీ దాన్ని పట్టుకుని మీ అత్తగారు ఇప్పుడే సంబంధాలు చూడబోతారు. ఆ మాట అక్కడే ఆపండి.

వాడు మొదటి వారం తెచ్చిన ఎనిమిది వందలకు మీరేం చేస్తారన్నది ముఖ్యం. మామ డబ్బుకు వేసిన పీట గుర్తుందిగా? దానికంటే ఒక అంగుళం ఎత్తు వేయండి. అవ్వ చేతికి ఇప్పించండి, ఆ రోజు వాడికి ఇష్టమైంది వండండి. దొంగ అని ఇంట్లో ఎవరూ అనకూడదు, సరదాకు కూడా. కేసు తేలిపోయాక పిల్లల రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. చట్టం మరిచిపోయేదాన్ని మీ అత్తగారు ప్రతి పండక్కీ గుర్తుచేయనక్కర్లేదు.

పెద్దబిడ్డ సంగతి. డిగ్రీ చదువుతోందన్నారు. ఆ పిల్ల ఏమనుకుంటోందో నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు. మేనరికం మనకు కొత్త కాదు, దానిమీద నాకు ఉపన్యాసం లేదు. కానీ ఈ సంబంధం మాట నడుస్తున్నంతకాలం మీ తమ్ముడు ఇంటికి తమ్ముడు మాత్రమే కాదు, కాబోయే అల్లుడు. అల్లుడికి గడప తొక్కొద్దని ఏ అత్త చెప్పగలదు? మీరు చెప్పలేకపోతున్నది రెండు లక్షల చీటీ బాకీ వల్ల కూడా. బిడ్డను బాకీ కింద రాసివ్వకండి. మాట వెనక్కి తీసుకోండి. బాకీ నెలకు అయిదు వేల చొప్పున, బ్యాంకులో, రసీదుతో తీర్చండి. నలభై నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

విచారణ నాలుగు నెలల్లో ముగించాలని చట్టం చెబుతుంది, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు. ప్రతి వాయిదాకూ మీరే పోండి, తమ్ముడి మనుషులను తోడు తీసుకుపోవద్దు. బైకు ఇంకా జప్తులోనే ఉందని రాశారు. దాన్ని విడిపించుకోవడానికి అర్జీ పెట్టకండి.