ప్రశ్న–జవాబు: ఉపవాసంతో రైతుల బాకీ తీరుతుందా?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. బాప్తిస్మం తీసుకోకముందు చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తాగా పనిచేశాను. తూకంలో రైతులను మోసం చేసి కొంత డబ్బు వెనకేసుకున్నాను. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటున్నా మనసు కుదుటపడటం లేదు. పాత నిబంధనలో పాపం పోవడానికి యాజకుడు బలి అర్పించేవాడు కదా. నా కోసం మా పాస్టరుగారు అలాంటిదేమైనా చేయాలా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వందనాలు సోదరా. మీ పాస్టరుగారితో ప్రార్థన చేయించుకోండి. కానీ మీ పాపానికి బలి అర్పించే యాజకుడు ఆయన కాదు. ఆ పని అయిపోయింది. హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం 11, 12 వచనాలు చదవండి. యాజకులు రోజూ నిలబడి అవే బలులు మళ్లీ మళ్లీ అర్పించేవారు. క్రీస్తు ఒకే ఒక్క బలి, అదీ తన్ను తానే అర్పించుకుని, దేవుని కుడివైపున కూర్చున్నాడు. ప్రధాన యాజకుడైతే ఏటా ఏడో నెల పదో రోజున అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేవాడు. అప్పుడు ముందు తన పాపం కోసమే ఒక కోడెదూడను అర్పించాలి. క్రీస్తుకు ఆ అవసరం లేదు. ఆయన కూర్చున్నాడంటే ప్రాయశ్చిత్తం ముగిసిందనే. మీ ఉపవాసం దానికి కొత్తగా కలిపేది ఏమీ లేదు. ప్రార్థన కోసమైతే ఉండండి, మీకు మీరు వేసుకునే శిక్షగా మాత్రం వద్దు.

ఇక రైతుల డబ్బు. నేను చెరకు రైతు కొడుకుని. గానుగ దగ్గర పాకం కాచి కాచి, ఆ బెల్లంతో మండీలో కాటా ముందు నిలబడ్డ మనిషికి ఒక్క కిలో తగ్గినా ఎంత నష్టమో నాకు తెలుసు. లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం పొరుగువాడిని మోసం చేసినవాడు ఆ సొమ్ముకి ఐదోవంతు కలిపి సొంతదారుడికి ఇచ్చేయాలి, యాజకుడి దగ్గరికి పొట్టేలునూ తేవాలి. పొట్టేలు ఇచ్చాను కదా అని రైతు సొమ్ము ఉంచుకోవడానికి లేదు. సిలువ ఆ పొట్టేలుకి బదులు వచ్చింది, రైతు బాకీకి బదులు కాదు. సువార్తలో కనిపించే పన్ను వసూలుదారు జక్కయ్య, తాను మోసం చేసినవాళ్లకు నాలుగింతలు తిరిగి ఇస్తానన్నది క్షమాపణ కొనుక్కోవడానికి కాదు. అప్పటికే యేసు ఆయన ఇంటికి వచ్చాడు.

పేర్లు గుర్తున్న రైతులందరినీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కరే వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే సంఘపెద్దను వెంట తీసుకెళ్లండి. రైతు చనిపోయి ఉంటే పిల్లలకివ్వండి. వారసులు కూడా లేకపోతే ఆ సొమ్ము యాజకుడికి చేరాలని సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది. ఇప్పుడైతే దాన్ని అప్పుల్లో ఉన్న ఒక చెరకు రైతుకి ఇమ్మంటాను. అంతా ఒకేసారి ఇవ్వలేకపోతే ఎవరికి ఎక్కువ బాకీ ఉన్నారో వాళ్లతో మొదలుపెట్టండి.