పటం, పటీకరణ, దృశ్యీకరణ

సందేహం: సుస్థిర ప్రాంతీయ ప్రణాళికపై వచ్చిన ఒక నివేదికను తెలుగు చేస్తున్నాను. అందులో డిజిటల్ మ్యాపింగ్, విజువలైజేషన్ అనే మాటలు అడుగడుగునా వస్తున్నాయి. వీటిని పటీకరణ, దృశ్యీకరణ అనవచ్చునా? మ్యాప్ అనే మాట మన 'మాపనం' నుంచే పుట్టిందని ఒక మిత్రుడు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: మీ మిత్రుని మాట నిజం కాదు. మాపనం కొలవడమనే అర్థమున్న 'మా' ధాతువు నుంచి వచ్చింది. మ్యాప్‌కు మూలం లాటిన్ 'మప్పా', అంటే చేతిగుడ్డ. మధ్యయుగాల యూరప్‌లో ప్రపంచపటాన్ని 'మప్పా ముండి' అనేవారు. ధ్వని కలిసిందని చుట్టరికం కలిపే అలవాటు మనం మానుకోవాలి. నిజమైన పోలిక ఉన్నది మన 'పటం'తో. అయితే అది పుట్టుకలోని పోలిక కాదు, భావంలోని పోలిక.

సంస్కృతంలో పటమంటే మొదట వస్త్రమే. అమరకోశం ఆ అర్థంలోనే చెప్పింది. పటకుటీరం గుడ్డతో వేసిన గుడారం. విశాఖదత్తుని ముద్రారాక్షసంలో చాణక్యుని చారుడు యమపటం పట్టుకొని వస్తాడు. అది యముని బొమ్మ వేసిన గుడ్డ. గుడ్డ పేరు గుడ్డమీది బొమ్మకూ, ఆ బొమ్మ పేరు కాగితం మీదికి వచ్చిన బొమ్మకూ, చివరకు భూభాగపు బొమ్మకూ సంక్రమించింది. రెండు భాషలు ఒకదానినొకటి అడగకుండానే గుడ్డను భూమికి అద్దంగా చేసుకోవడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

తార్కికులు తంతువులు పటానికి సమవాయికారణమంటారు, అంటే కార్యం దేనితో తయారై దానిలోనే ఉంటుందో ఆ కారణం. పోగులు లేనిదే వస్త్రం లేదు. నేటి ఉపగ్రహ చిత్రానికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది, ఎందుకంటే అది అడ్డవరుసలు, నిలువువరుసలుగా, పడుగుపేకల వలె అల్లిన గడుల (పిక్సెళ్ల) సముదాయం. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల్లో గడి ఒక్కో వైపు సాధారణంగా 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్ల నేలకు ఒకే విలువ. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో అత్యంత సన్నని గడి 10 మీటర్లు. గడికంటే చిన్నదైన కుంట, సన్నని వాగు చుట్టుపక్కల నేలతో కలిసిపోయి, పటంలో విడిగా కనిపించకపోవచ్చు. అటువంటి పటాన్ని నమ్మి నీటిదారిపై కట్టడానికి అనుమతించిన ప్రణాళిక సుస్థిరమెలా అవుతుంది? అందుకే పటం చేతికిచ్చినవారిని నేత ఎంత సన్ననిదని అడగాలి. పటం అనే మాటలోనే ఆ ప్రశ్న ఉంది. ప్రణాళిక అన్న మాటకు కూడా నీరు పారే కాలువ అనే అర్థముందని ఇక్కడ గుర్తు చేస్తున్నాను.

డిజిటల్ పటాల్లో ఒక్కో అంశాన్ని విడిగా చూపే లేయర్‌కు 'పొర' చాలు. 1969లో అచ్చయిన తన పుస్తకంలో ప్రాంతీయ ప్రణాళికా నిపుణుడు ఇయాన్ మెక్‌హార్గ్ వాలు, ముంపు, అడవి వంటి అంశాలను పారదర్శక పత్రాలపై వేరువేరుగా గీసి, ఒకదానిపై మరొకటి పరచి, ఎక్కడ కట్టవచ్చో ఎక్కడ కట్టరాదో చూసే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. నేడు కంప్యూటర్ చేస్తున్నదీ అదే.

ఇక పటీకరణ. సంస్కృతంలో '-ఈకరణ' రూపాన్నిచ్చే చ్వి ప్రత్యయం అది కానిదానిని అదిగా చేయడాన్ని చెబుతుంది కనుక, పటం కాని సమాచారాన్ని పటంగా చేయడం పటీకరణ కావచ్చు, వ్యాకరణం అడ్డురాదు. చెవి మాత్రం ఒప్పుకోదు, నా చెవి అసలే ఒప్పుకోదు. 'పటరచన' ఉండగా దానికై తడుములాట ఎందుకు? 'పటీకరణ చేయడం జరిగింది' అని మాత్రం దయచేసి రాయకండి. కరణంలోనే చేయడముంది, దానికి మరొక చేయడాన్ని, ఆపైన జరగడాన్ని తగిలిస్తే, చేసినవారెవరో తెలియకుండా పోతుంది. ఎవరు గీశారో, ఎవరి లెక్కలతో గీశారో చెప్పవలసిన నివేదికలో ఇది భాషాదోషం మాత్రమే కాదు.

దృశ్యీకరణను నేను సమర్థిస్తాను, ఒక నియమంతో. భూగర్భజలాల లోతు, రాబోయే పదేళ్లలో పట్టణం విస్తరించే తీరు కంటికి కనిపించవు. వాటిని రంగుల్లో చూపితే అది దృశ్యీకరణే. ఉన్న నదినే ఫొటో తీసి చూపితే దానికి ఆ పేరు చెల్లదు. 'చిత్రీకరణ' సినిమా షూటింగుకు స్థిరపడింది కనుక దానిని వదిలేయండి.

మ్యాపింగ్ అనే మాటను శీర్షికలో ఉంచుతానంటే కాదనను, జనానికి తెలిసిన మాటే. లోపలి వాక్యాల్లో మాత్రం 'పటం గీశారు', 'పటానికి ఎక్కించారు' అని కర్తను చెప్పి రాయండి.