టెస్టు పెట్టె తెరిచే ముందు: మేనకోడలికి అత్త రాసిన ఉత్తరం

చిట్టితల్లీ,

ఆశీస్సులు. విశాఖ ఎంవీపీ కాలనీ క్లినిక్‌లో సైకాలజిస్టుగా చేరుతున్నావని అన్నయ్య చెప్పాడు, చాలా సంతోషం. "ఏ టెస్టులు కొనమంటావు అత్తా?" అని అడిగావు కదా, ఆ సంగతి కిందికొచ్చాక రాస్తాను. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. టెస్టుకి వచ్చిన పిల్లవాణ్ణి నీ దగ్గరికి ఎవరు పంపారు, ఏం తెలుసుకుందామని పంపారు?

స్కూలు వాళ్లు చీటీ మీద "ఐక్యూ చేయించండి" అని రాసి పంపేస్తారు. దాన్ని బట్టి నీకేమీ తెలియదు. ఫోన్ చేసి అడుగు. చదవడం రావట్లేదా, కుదురుగా కూర్చోవట్లేదా, ఎవరితోనూ మాట్లాడట్లేదా? రిపోర్టు చేతికొచ్చాక ఏం చేస్తారు? టీసీ ఇచ్చి పంపెయ్యడానికే కాగితం కావాలంటున్నారని అర్థమైతే, ఆ మాట తల్లిదండ్రులకు చెప్పకుండా పని మొదలుపెట్టకు. 1905లో పారిస్‌లో బినే, సైమన్ తెలివిని కొలిచే మొదటి స్కేల్ తయారుచేసింది బడిలో వెనకబడిన పిల్లలకు విడిగా సాయం అందించడానికి. తెలివి పెరగదు, పుట్టినంతే ఉంటుంది అనే వాదాన్ని బినే గట్టిగా వ్యతిరేకించాడు. అలాంటి టెస్టు పెట్టెను పిల్లల్ని బయటికి పంపడానికి వాడితే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

చూపు, వినికిడి పరీక్షలు అయ్యాయో లేదో కూడా ముందే కనుక్కో. చెవిలో చీము కారే పిల్లకి నువ్వు చెప్పేది సగమే వినబడుతుంది.

ఇక పిల్లవాడు ఏ స్థితిలో వచ్చాడో చూసుకో. పాడేరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి, ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకుని, ఏమీ తినకుండా వచ్చి కూర్చుంటారు కొందరు. అలాంటి వాడికి రెండు ఇడ్లీ పెట్టించి, కాసేపు పడుకోనిచ్చి మొదలుపెట్టు. టైము లేదంటే ఇంకో రోజు రమ్మను. అలా వచ్చిన ఒక బాబు నాకింకా కళ్లముందే ఉన్నాడు. దిమ్మలతో డిజైన్ పేర్చమంటే దిమ్మల వంక చూడడే, నా చేతిలో స్టాప్‌వాచ్ వంకే చూస్తున్నాడు. దాని టిక్కు ఆగితే తనని కొడతారేమో అన్నట్టు భుజాలు దగ్గరకు తీసుకున్నాడు. టైము అయిపోయింది, సున్నా వేశాను. టెస్టు మొత్తం పూర్తయ్యాక వాచీ సొరుగులో పెట్టి, అవే దిమ్మలు మళ్లీ ఇచ్చాను. నాలుక బయటపెట్టి, ఒక్కో దిమ్మా తిప్పి చూసుకుంటూ మొత్తం పేర్చేశాడు.

ఆ సున్నాను నేను మార్చలేదు, నువ్వూ మార్చకూడదు. మాన్యువల్లో ఎలా చెప్పారో అలాగే చేసి, అలాగే మార్కు వెయ్యాలి. ఒకే పద్ధతిలో పెడితేనే కదా మిగతా పిల్లలతో పోల్చడానికి వీలయ్యేది. కానీ ఆ రెండోసారి చూసింది రిపోర్టులో విడిగా రాయి. టీచరుకి అంకె కంటే ఆ వాక్యమే ఎక్కువ పనికొస్తుంది.

మన ఊళ్లో భాష పెద్ద చిక్కు. జాలరిపేట పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు. నేవీ వాళ్ల పిల్లలు ఇంట్లో హిందీ, స్కూల్లో ఇంగ్లీషు. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లలో కువి, ఒడియా మాట్లాడేవాళ్లుంటారు. మాటలతో అడిగే ప్రశ్నలకు తక్కువ మార్కులొస్తే అది తెలివి తక్కువై కాదేమో, మాట తెలియక కావచ్చు. ఇంట్లో ఏ భాష, అమ్మతో ఏ భాష, ఎన్నేళ్లుగా ఏ మీడియం అన్నది మొదటి పేజీలోనే రాసుకో. మాటలతో పెద్దగా పనిలేని భాటియా బ్యాటరీ లాంటి టెస్టులు అందుకే ఉన్నాయి. అవి కూడా బడి మొహం చూడని పిల్లలకు అంత తేలికేం కాదు, బొమ్మ చూసి పేర్చడం కూడా ఎక్కడో ఒకచోట నేర్చుకునేదే. ఇంగ్లీషు ప్రశ్నల్ని అప్పటికప్పుడు నోటికొచ్చిన తెలుగులో అడిగి, ఇంగ్లీషు పిల్లల నార్మ్స్‌తో, అంటే చాలామంది పిల్లలకు టెస్టు పెట్టి కట్టిన పోలిక లెక్కలతో, స్కోరు కట్టొద్దు. అనువాదమంటే ఒకరు తెలుగులోకి మార్చాలి, అసలు ప్రతిని చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పోల్చాలి, ఇక్కడి పిల్లల మీద కొత్తగా నార్మ్స్ కట్టాలి.

కొనే విషయానికొస్తే, కామత్ గారు బినే స్కేలును మరాఠీ, కన్నడ పిల్లల కోసం మలిచింది 1934లో. భాటియాది 1955. మాలిన్ గారి పిల్లల స్కేలు 1969 నాటిది. ఇవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, నువ్వూ వాడాల్సి వస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకో. తరాలు మారేకొద్దీ ఇలాంటి టెస్టుల్లో జనం మార్కులు పెరుగుతూ వచ్చాయి, అమెరికాలో అయితే పదేళ్లకు సుమారు 3 పాయింట్లు. కాబట్టి పాత నార్మ్స్‌తో చూస్తే పిల్లవాడి స్కోరు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. దానివల్ల నిజంగా వైకల్య సర్టిఫికెట్ అవసరమైన పిల్లవాడికి అది చేజారిపోతుంది. ఏ టెస్టు, ఏ ఏడాది నార్మ్స్ అన్నది రిపోర్టులో దాచకుండా రాయి. జిరాక్స్ కాపీలు మాత్రం వద్దు తల్లీ. మసకబారిన బొమ్మ చూపించి మార్కు తగ్గించడం అన్యాయం, పైగా అది దొంగ సరుకు. ప్రశ్నలు ఒక్కటి కూడా బయటికి పొక్కకూడదు, తెలిసిన వాళ్లు ఎంత బతిమాలినా సరే.

స్కోరు విషయంలో మన వాళ్లు చేసే తప్పు ఒకే అంకె రాసి ఊరుకోవడం. సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) 15 ఉన్న టెస్టు తీసుకో. దాని విశ్వసనీయత, అంటే మళ్లీ పెట్టినా స్కోరు ఎంత నిలకడగా వస్తుందన్నది, 1కి 0.91 అనుకుందాం. కొలతలో పొరపాటు 4.5 పాయింట్లు వస్తుంది. అటూ ఇటూ దానికి రెండింతలు పట్టుకుంటే, 72 వచ్చిన పిల్లవాడి అసలు స్కోరు సుమారు 63 నుంచి 81 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 70 దగ్గర గీత గీసి ఇటు ఒక బతుకు, అటు ఒక బతుకు అని ఎలా తేలుస్తాం? అందుకే ఐక్యూ ఒక్కటే చూసి మేధో వైకల్యం అని రాయకూడదు. రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నాడో చూడాలి, ఆ ఇబ్బంది చిన్నతనం నుంచే ఉందో లేదో అడగాలి. ఈ రోజువారీ పనుల్ని కొలిచే వైన్‌ల్యాండ్ స్కేలు పెట్టేటప్పుడు "మీవాడు తనంతట తాను తింటాడా?" అంటే తల్లి "తింటాడండీ" అనేస్తుంది. "నిన్న రాత్రి అన్నం ఎవరు కలిపారమ్మా?" అని అడిగి చూడు.

చదవడంలో లోపం అని తేల్చే ముందు తెలుగులో కూడా చదివించు. ఇంగ్లీషు మీడియంలో సరిగ్గా నేర్పని పిల్లవాడికి ఆ ముద్ర వేసేస్తే, అది బడి చెయ్యాల్సిన పనిని పిల్లవాడి నెత్తిన రుద్దడమే.

ఇంటర్ కాలేజీల వాళ్లు పిలిచి, హాస్టల్ మొత్తానికి డిప్రెషన్ ఫారాలు పంచమంటారు. లెక్క వేసి చూపించు వాళ్లకి. వెయ్యి మంది పిల్లల్లో నిజంగా సమస్య ఉన్నవాళ్లు 50 మంది అనుకో. వాళ్లలో నూటికి 80 మందిని సరిగ్గా పట్టే, సమస్య లేనివాళ్లలో నూటికి 10 మందిని పొరబడే టెస్టయితే, 40 మంది సరిగ్గా దొరుకుతారు, ఏమీ లేని 95 మంది కూడా జాబితాలోకి ఎక్కుతారు. ఆ జాబితా నోటీసు బోర్డుకో, ఇంటికో పోతే ఎంత నష్టం! జాబితాలో ఉన్న ప్రతి పిల్లతో విడిగా మాట్లాడే మనుషులు, టైము ఉంటేనే ఒప్పుకో. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ఫారం వాడితే తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఫారాలు కట్టకట్టి ఇంటికి తీసుకెళ్లి ఆదివారం చూద్దామనుకోవద్దు. పిల్లలు హాలు దాటక ముందే ఆ ఒక్క గడీ అన్ని ఫారాల్లోనూ చూడు. సున్నా కానివాళ్లతో ఆ రోజే మాట్లాడు, అవసరమైతే వాల్తేరు మానసిక వైద్యశాలకు నువ్వే వెంట వెళ్లు. మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 బోర్డు మీద పెద్దగా రాయించు.

నీ మీద ఒత్తిడి ఎక్కువ వచ్చేది సర్టిఫికెట్ దగ్గర. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చాలా సౌకర్యాలకు 40 శాతం వైకల్యం అనే గీత ఉంది. "ఐక్యూ కాస్త తగ్గించి వెయ్యండమ్మా, పెన్షన్ వస్తుంది" అని కాళ్ల మీద పడే తండ్రి ఉంటాడు. "కాస్త పెంచండి, పెళ్లి సంబంధం ఉంది" అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల బాధ నిజమే, కూర్చోబెట్టి విను, దారి ఉంటే చూపించు. అంకె జోలికి మాత్రం పోకు. బంధువుల పిల్లలకు నువ్వు టెస్టు చెయ్యొద్దు, మన ఇంట్లోవాళ్లు అడిగినా ఇంకొకరి దగ్గరికి పంపు. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ వచ్చేదాకా రిపోర్టు మీద నీ సూపర్‌వైజర్ సంతకం తప్పనిసరి.

పిల్లకి కూడా చెప్పి చెయ్యి. "ఇవి మార్కుల పరీక్షలు కావు, కొన్ని తేలిక, కొన్ని కష్టం, అలసిపోతే చెప్పు" అంటే ఆరేళ్ల పిల్లకీ అర్థమవుతుంది. ఫలితాలు తల్లిదండ్రులకు, గది తలుపు వేశాకే. వెంట వచ్చిన బాబాయి గారికి, వరండాలో నించున్న మేష్టారికి తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యతను హక్కుగా రాసింది. వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో తీసి పంపే అలవాటు మొదటి రోజు నుంచే మానుకో.

చెప్పేటప్పుడు తెలుగులోనే చెప్పు, ఏం చేయగలడో ముందు చెప్పు. "అయితే మావాడు ఎందుకూ పనికిరాడా?" అని తల్లి అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఏ టెస్టూ జవాబు చెప్పదని ఆమెకు సూటిగా చెప్పు. ఆ తర్వాత వచ్చే ఆరు నెలల్లో ఇంట్లో ఏం చెయ్యాలో, స్కూల్లో ఏం అడగాలో కాగితం మీద రాసివ్వు.

మొదటి నాలుగైదు రిపోర్టులు బయటికి ఇచ్చే ముందు, పేర్లూ స్కూలు వివరాలూ కొట్టేసి నా దగ్గరికి తీసుకురా. ఉదయం పూట ఇంట్లోనే ఉంటాను.

నీ అత్త