గరుకుది ముందు పెట్టు

అమలాపురం

చి. సుజాతకు, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పెట్టే ప్రదర్శనలో శిల్పులు రామ్‌కింకర్ బైజ్‌నీ, దేవీప్రసాద్ రాయ్ చౌధురినీ ఎదురెదురు గోడలకి పెడితే తేడా ఇట్టే తెలుస్తుందన్నావు. అలా పెట్టకు. నేను డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నప్పుడు ఓ స్కూల్లో నున్నటి ప్లాస్టర్ తల, సిమెంటుతో చేసిన గరుకు తల ఒకే బల్ల మీద పెట్టాను. వచ్చినవాళ్లంతా రెండోదాన్ని చూసి, “ఇదింకా అవ్వలేదా మాస్టారూ?” అని అడిగారు. చేసిన కుర్రాడు, పాపం, పక్కనే నిలబడి ఉన్నాడు.

అందుకే ముందు బైజ్ ఒక్కడే కనపడాలి. గిరిజనుల బొమ్మ ‘సంథాల్ కుటుంబం’ 1938లో శాంతినికేతన్‌లో ఆరుబయట చేసింది. ఎర్ర కంకర, సిమెంటు, అంతే. తండ్రి భుజాన కావిడి, ఒక బుట్టలో పిల్లాడు, వెంట కుక్క. మన లంకల్లో కావిళ్లు చూసిన పెద్దవాళ్లకి విడమరిచి చెప్పే పనిలేదు. మొత్తం విగ్రహం ఫొటోతోపాటు, కంకర పలుకులు లెక్కపెట్టగలిగేంత దగ్గరి ఫొటో ఒకటి పెద్దది చేయించు.

గది మలుపు తిరిగాక రాయ్ చౌధురి. మద్రాసు మెరీనాలో 1959 నుంచి ఉన్న ఆ కంచు ‘శ్రమ విజయం’లో నలుగురు బండను కదిలిస్తుంటారు. వాళ్ల వీపులు, పిక్కలు చూడు, ఎక్కడ బరువు పడుతోందో తెలిసిపోతుంది. మద్రాసు ఆర్ట్స్ స్కూలుకి చాలా ఏళ్లు ప్రిన్సిపాల్ ఆయన. మన తెలుగువాళ్లూ అక్కడ చదువుకున్నారు. నా ఓటు మాత్రం బైజ్‌కే. నీ ఓటు ఎవరికో లేబుళ్లలో తెలియనీకు. ఇద్దరూ చేసింది కష్టజీవులనే, ఆ ఒక్కమాట గుమ్మం దగ్గర రాయి, చాలు. మిగతా చోట్ల పేరు, ఏడు, దేంతో చేశారో.

ప్లాస్టర్ నమూనాల మీద నెత్తిన ట్యూబ్‌లైటు వద్దు, ముఖాలు చప్పగా చచ్చిపోతాయి. రాత్రి లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి తిప్పి చూడు. నీడ ఎక్కడ బాగా పడితే బల్బు అక్కడ.

ఇంకోటి, జనం ముట్టుకోడానికి రెండు పలకలుండాలి. నున్నటి ఇత్తడిది నువ్వు చేయించు. సిమెంటుది నేను పోస్తాను. మా కోనసీమంతా ఒండ్రే, ఎర్ర గ్రావెల్ మెట్ట నుంచి నువ్వే ఒక బస్తా పంపాలి. పోశాక వారమన్నా నీళ్లు కొట్టాలి కాబట్టి తేదీ ముందే చెప్పు.

మీ మావయ్య