కంప్యూటర్ సైన్స్‌తో పాటు లాటిన్ చదవొచ్చా?

అమెరికాలో మొదటి సెమిస్టర్, చేరింది కంప్యూటర్ సైన్స్, మనసేమో లాటిన్, గ్రీకుల మీద. ఇంట్లో చెబితే "అదేం చదువమ్మా, ఉద్యోగమొస్తుందా" అన్నారని రాశావు. నా మాట: చదువు. కాకపోతే ముందు వీసా లెక్క చూసుకో.

ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లకి డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే మరో 24 నెలల పొడిగింపుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. క్లాసిక్స్, అంటే లాటిన్, గ్రీకు చదువు, స్టెమ్‌లోకి రాదు. అందుకని ఉన్న మేజర్ (ప్రధాన విషయం) వదలకుండా, క్లాసిక్స్‌ని రెండో మేజర్‌గానో, తక్కువ కోర్సులుండే మైనర్‌గానో కలుపుకో. ఏం మార్చినా ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి, డీఎస్ఓని అడుగు. ఈ సంగతి ఇంట్లో వివరంగా చెబితే వాళ్ల భయం సగం తగ్గుతుంది.

ఇక చదువు. చాలామంది గ్రీకు పురాణాల మీద ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సుతో మొదలుపెట్టి, భాషని తర్వాత చూద్దాంలే అనుకుంటారు. అలా వాయిదా వేయకు. చాలా కాలేజీల్లో లాటిన్ మొదటి కోర్సు ఫాల్‌లోనే, అంటే ఆగస్టు-సెప్టెంబరు సెమిస్టర్లోనే, మొదలవుతుంది. అది తప్పితే ఏడాది పోయినట్టే. దాదాపు రోజూ క్లాసుంటుంది, రోజూ కొంత కంఠతా పట్టాలి. ల్యాబులు ఎక్కువున్న సెమిస్టర్లో పెట్టుకోకు.

బడిలో తెలుగు చదివావు కాబట్టి నీ దగ్గర ఒక ఆస్తి ఉంది. "డు ము వు లు ప్రథమా విభక్తి" అని వల్లించిన పిల్లకి లాటిన్‌లో ఆరు విభక్తులంటే బెదురుండదు. కర్త వాక్యం చివర, కర్మ మొదట ఉన్నా పద్యానికి అన్వయం చెప్పినట్టే విడదీసుకోవచ్చు. ఛందస్సులో ఇంకా తేలిక. లాటిన్ కవి వర్జిల్ రాసిన కావ్యం 'ఈనియడ్' మొదటి పాదం చూడు: ఆర్మ వి, రుంక్వె క, నో ట్రో... మొదటి రెండూ మన భగణాలే, మూడోది రెండు గురువులు. పాదానికి ఆరు గణాలు. మొదటి నాలుగింటిలో భగణమైనా రావచ్చు, రెండు గురువులైనా రావచ్చు. అయిదోది ఎక్కువగా భగణమే. జంట హల్లుల ముందున్న అక్షరం అక్కడా చాలావరకు గురువే. ఊనికతో నడిచే ఇంగ్లిష్ పద్యానికి అలవాటుపడిన తోటి విద్యార్థులకి ఇది చెవికి పట్టడానికి చాలా రోజులు పడుతుంది. ఉత్పలమాలకి గణవిభజన చేసిన నువ్వు మొదటి వారమే చేసేస్తావు.

లైబ్రరీలో లోబ్ పుస్తకాలుంటాయి, పాత గ్రీకు, లాటిన్ గ్రంథాల వరస అది, ఎర్ర అట్టవి లాటిన్, ఆకుపచ్చవి గ్రీకు. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లిష్. మొదటి రెండేళ్లు కుడి పేజీ మీద కాగితం కప్పి చదువు, సరిచూసుకోవడానికి మాత్రమే తియ్యి. నిఘంటువులకీ మూలాలకీ టఫ్ట్స్ యూనివర్సిటీ వారి పెర్సియస్ వెబ్‌సైట్ ఉచితం. ఆఫీస్ అవర్స్‌కి తప్పకుండా వెళ్లు. ఈ డిపార్ట్‌మెంట్లు చిన్నవి, ప్రొఫెసర్లకి ప్రతి విద్యార్థీ పేరుతో సహా తెలుస్తుంది. రేపు సిఫార్సు ఉత్తరం రాసేది వాళ్లే.

గ్రీకు కూడా మొదలుపెట్టి కాస్త కుదురుకున్నాక, టర్మ్ పేపర్‌కి 'పెరిప్లస్' అడిగి తీసుకో. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో పేరు తెలియని వర్తకుడెవరో రాసిన సముద్రయాన వివరం. అందులో మసాలియా అన్న తీరం కృష్ణా ముఖద్వారం వైపుదని పండితులు గుర్తించారు. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని రాశాడు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ నాణేలని దానికి జోడిస్తే మంచి పేపర్ అవుతుంది. మన తీరం గురించి ఆ గ్రీకు వాక్యాలని నువ్వే సొంతంగా చదివి రాయాలని నా కోరిక.