కారు అడిగితే నాన్న ‘చూద్దాం’ అంటున్నారు

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు పద్దెనిమిదేళ్లు నిండి రెండు నెలలైంది. ఇంటికి 22 కిలోమీటర్ల దూరంలోని కాలేజీలో బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయిని. కాలేజీ బస్సుకు ఏడాదికి 32 వేలు కడుతున్నాం. సెకండ్ హ్యాండ్ కారు కొనివ్వమంటే నాన్న ‘చూద్దాం’ అంటారు, అమ్మ ‘మీ నాన్ననే అడుగు’ అంటుంది. నాన్న ప్రభుత్వ టీచరు. ఇంట్లో ఆయన స్కూటరు, అన్నయ్య బైక్ తప్ప వేరే బండి లేదు. అన్నయ్యకు మాత్రం ఇంటర్‌లోనే బైక్ కొనిచ్చారు. ట్యూషన్లు చెప్పి నేను నెలకు 4 వేలు సంపాదిస్తున్నాను, 30 వేలు దాచాను. వాళ్లను ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ నాన్నగారి ‘చూద్దాం’ వెనక ఒక్క కారణమే ఉందని అనుకోకండి. ఖర్చు, ప్రమాదం, ఆడపిల్ల దారిలో ఒంటరిగా చిక్కుకుపోతుందేమోనన్న బెంగ, ఈ మూడూ కలిసిపోయి ఆ ఒక్క మాటగా బయటికి వస్తాయి. మీరు ఖర్చు గురించి మాట్లాడుతుంటే ఆయన మనసులో ప్రమాదం మెదులుతూ ఉండవచ్చు. అందుకే ఈసారి కారు అడగకుండా, ‘నాన్నా, ఏ విషయంలో మీకు ఎక్కువ భయంగా ఉంది?’ అని అడగండి. ఆయన చెప్పేదాకా ఆగండి.

ముందు ఖర్చు సంగతి. బస్సు ఫీజు మిగులుతుందని వాదించాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి, లెక్క మీకే ఎదురు తిరుగుతుంది. రోజుకు 44 కిలోమీటర్లు, నెలకు 22 రోజులంటే 968 కిలోమీటర్లు. లీటరుకు 16 వచ్చినా 60 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 110 రూపాయలు వేసుకుంటే నెలకు 6,600, పది నెలలకు 66 వేలు. బస్సు ఫీజుకు రెట్టింపు దాటింది, ఇంకా సర్వీసింగ్, ఇన్సూరెన్స్ కలపనే లేదు. స్నేహితులను ఎక్కించుకుని డబ్బు వసూలు చేస్తానని కూడా అనకండి. సొంత వాడకానికి రిజిస్టరైన కారును కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెడుతుంది.

కాలేజీకి బస్సు ఉండనివ్వండి. కారును ఇంటి కోసం అడగండి: అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఊరికి వెళ్లిరావడం, పరీక్షల రోజుల్లో మీ ప్రయాణం. నెలకు 400 కిలోమీటర్లు తిరిగితే 25 లీటర్లు, 2,750 రూపాయలు. ఏడాదికి పెట్రోలు 33 వేలు, ఇన్సూరెన్స్ 8 వేలు, రెండు సర్వీసింగులకు 10 వేలు, టైర్లు, బ్యాటరీ కోసం పక్కన పెట్టాల్సింది 6 వేలు. మొత్తం 57 వేలు. వేసవిలో ట్యూషన్లు ఉండవు కాబట్టి మీ సంపాదన పది నెలలకు 40 వేలే. మిగతా 17 వేలు నాన్నగారి మీద పడతాయి. ఆ అంకె దాచకుండా కాగితం మీద రాసి చూపండి. పైసా భారం ఉండదని చెబితే టీచరుగారు ఇట్టే పట్టేస్తారు, ఆ తర్వాత మీరు చెప్పే ఏ లెక్కనూ నమ్మరు.

కారు ధర వేరే మాట. మంచి స్థితిలో ఉన్న చిన్న కారుకు రెండున్నర నుంచి మూడున్నర లక్షలు అవుతుంది. లోను తీసుకోవాలంటే అది నాన్నగారి పేరు మీదే వస్తుంది. పాత కార్ల లోన్లకు వడ్డీ కొత్త కారు కన్నా ఎక్కువ. అందుకని జనవరి, ఫిబ్రవరిలో ఈ మాట ఎత్తకండి. అప్పుడు ఆదాయపన్ను కోతతో చాలామంది ఉద్యోగుల చేతికి వచ్చే జీతం తగ్గుతుంది. జూన్, జులై ఫీజుల కాలం, అప్పుడూ వద్దు.

ఇక ప్రమాదం భయం. ‘జాగ్రత్తగా నడుపుతా’ అన్న మాటతో ఏ తండ్రికీ ధైర్యం రాదు. దాచిన 30 వేలలోంచి డ్రైవింగ్ స్కూలు ఫీజు, లైసెన్సు ఫీజు మీరే కట్టుకోండి. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే లైసెన్సు) ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు పరీక్షకు వెళ్లవచ్చు. ఆలోపు బండికి ఎల్ బోర్డు, పక్క సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి. స్కూళ్లలో స్టీరింగ్, గేర్లు బాగానే నేర్పుతారు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగి, వెనక్కి జారకుండా కదలడం, రాత్రి ఎదురుగా హైబీమ్ పడినప్పుడు ఎడమ అంచు చూసుకుంటూ వెళ్లడం, వానలో బ్రేకు వేయడం తక్కువే నేర్పుతారు. ఈ మూడూ నేర్పమని స్కూల్లో చేరేటప్పుడే అడగండి.

కారు ఎంపికతోనూ భయం తగ్గించవచ్చు. మన దేశంలో కొత్త కార్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), ఆ ఏడాది జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. కాబట్టి 2019 జులై తర్వాత తయారైనదే చూడండి. అంతకన్నా పాతది 50 వేలు తక్కువకు దొరుకుతుందని ఆశపడవద్దు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద చార కనబడితే అది వరదలో మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు నీళ్లలో మునిగాయి. అలాంటి వాటిని పైపైన తుడిచి అమ్ముతుంటారు, వైరింగు నెలల తర్వాత పాడవుతుంది. మీటరులో 30 వేల కిలోమీటర్లే ఉండి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు తిప్పారని అనుమానించండి. టైరు ఎప్పుడు తయారైందో దాని మీది నాలుగంకెలు చెబుతాయి: మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయమనండి, మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి.

కాగితాల్లో ఎక్కువ మంది ఇన్సూరెన్స్ దగ్గర దెబ్బతింటారు. ఆర్సీ మారితే సరిపోదు, కొన్న 14 రోజుల్లోగా పాలసీని కూడా కొన్నవారి పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. వెయ్యి సీసీ లోపు కార్లకు 2022 జూన్‌లో థర్డ్ పార్టీ (ఎదుటివారి నష్టానికి మాత్రమే ఇచ్చే బీమా) ప్రీమియం 2,094 రూపాయలుగా పెట్టారు, జీఎస్టీ అదనం. చవకే కానీ దాంతో మీ కారు రిపేరుకు రూపాయి రాదు. కారు నాన్నగారి పేరిట ఉండి మీరు నడిపితే ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా మీకు వర్తించదు. ‘నడిపేది మా అమ్మాయి, తనకు కవర్ ఎలా?’ అని నాన్నగారి చేతే అడిగించండి. కారు మీద పాత లోను ఉంటే బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి ఆ లోను తీసేయించే ఫారం 35 లేకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. చలానాలు ఏమైనా మిగిలాయేమో కూడా చూసుకోండి.

దారిలో చిక్కుకుపోతావన్న బెంగకు మాటలకన్నా చేతలే పనిచేస్తాయి. డ్రైవింగ్ స్కూల్లోనో తెలిసిన మెకానిక్ దగ్గరో స్టెప్నీ మార్చడం నేర్చుకోండి. జాకీ ఎత్తకముందే నట్లు ఒక చుట్టు వదులు చేయాలి, లేకపోతే చక్రం గాలిలో తిరిగిపోతుంది. ఆ పని నాన్నగారి ముందు ఒకసారి చేసి చూపించండి. చీకటి పడ్డాక ఒంటరిగా నడపనని, వెళ్లేటప్పుడు లొకేషన్ పంపిస్తానని మీరే మాటివ్వండి, ఆరు నెలలు దాన్ని తప్పకండి.

అన్నయ్య బైక్ మీకు నొప్పి కలిగించింది, అందులో న్యాయం ఉంది. ఆ మాట అమ్మానాన్నలతో ఒక్కసారి మాత్రం, కారు ప్రస్తావన లేని రోజున చెప్పండి. కారుతో కలిపితే అది దెప్పిపొడుపుగా వినబడి అసలు విషయం పక్కకు పోతుంది. అప్పటికి అన్నయ్యకు పద్దెనిమిది నిండలేదంటే, దాన్ని ఉదాహరణగా అసలే తేవద్దు. 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి పాతికేళ్ల దాకా లైసెన్సు లేదు. మీరు పద్దెనిమిది నిండేదాకా ఆగి అడుగుతున్నారు, అదే మీ బలం.

అమ్మను రాయబారానికి పంపకండి. ఇద్దరూ ఉన్న ఆదివారం కాగితం వాళ్ల ముందు పెట్టండి. ‘చూద్దాం’ అంటే ‘ఏం చూశాక చెబుతారు, ఏ నెలలో మళ్లీ అడగమంటారు?’ అని నెమ్మదిగా అడిగి, ఆ నెల వచ్చేదాకా ఈ మాట ఎత్తకండి. ఈ ఏడాది కుదరదంటే ఎల్‌ఎల్‌ఆర్‌కు, డ్రైవింగ్ స్కూలుకు మాత్రం ఒప్పుకోమనండి. సెమిస్టర్ సెలవుల్లో మొదలుపెడితే వచ్చే సెమిస్టరు పరీక్షల్లోపు లైసెన్సు చేతికి వస్తుంది.