ముందు మోరీ సంగతి చూడు

బిడ్డా,

వైజాగ్‌లో సముద్రం గురించి చదివిన పిల్ల మన ఊరి చెరువు బాగుచేస్తానని వస్తోందని మీ నాన్న చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

పంచాయతీతో, మత్స్య సంఘంతో ముందే మాట్లాడి కాగితం మీద పెట్టించుకో. అది నీకు చెప్పక్కర్లేదు.

నా భయమల్లా, రాగానే గుర్రపుడెక్క మీద పడతావని. నేనూ అదే చేశాను. ఉద్యోగంలో ఉన్న రోజులు. మిర్యాలగూడ నుంచి కలుపుమందు తెప్పించి రెండు రోజుల్లో చెరువంతా కొట్టించాను. వారానికల్లా డెక్క మాడి నీళ్లలోకి కుంగింది. ఊరంతా మెచ్చుకుంది. పదో రోజు తెల్లారకముందే ఎవరో తలుపు కొట్టారు. అలుగు దగ్గర బొచ్చె, రవ్వ చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. బతికినవి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కుళ్లిన ఆకు నీళ్లలోని ప్రాణవాయువునంతా లాగేసింది. చేపలమ్మే అవ్వ ఒక బొచ్చెను తోక పట్టి లేపి, నా మొహం చూసి, మళ్లీ నీళ్లలోనే వదిలేసింది. తిట్టినా బాగుండేది.

వానలు పోయేసరికి డెక్క ఇంకా ఒత్తుగా వచ్చింది. రాదా మరి? పొలాల యూరియా, డీఏపీ నీళ్లు, ఊరి మోరీ అన్నీ చెరువులోకే. ఎకరానికి ఇన్ని బస్తాలని రైతులకు చెప్పిందీ నేనే.

నువ్వు ఫోన్‌లో చెప్పావే, అమెరికాలో టాంపా బే అనే అఖాతం సంగతి. 1979లో మురుగునీటి నుంచి, యూరియాలో ఉండేదే, ఆ నత్రజని తీసేయడం మొదలుపెడితే, నీళ్లు తేటపడితేనే పెరిగే సముద్రపు గడ్డి 1950ల నాటంత పెరిగేసరికి 2014 వచ్చింది. 2016 తర్వాత మళ్లీ కొంత పోయింది. నల్ల సముద్రం కథ ఇంకా వింత. సోవియట్ కూలాక రైతుల దగ్గర ఎరువులకు డబ్బుల్లేవు, అందుకే చేపలు బతకలేని ప్రాంతం తగ్గింది. ఎవరికీ బుద్ధొచ్చి కాదు!

మన చెరువుకైతే అడుగు బురదలో పాత భాస్వరం ఉంటుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిన రోజు బురద దాన్ని మళ్లీ పైకి వదులుతుంది, డెక్కకూ పాచికీ అదే ఎరువు. మోరీ మళ్లించినా రెండు మూడేళ్లు నీళ్లు పచ్చగానే ఉండొచ్చు, ఊళ్లో నవ్వుతారు. ఎండాకాలం పూడిక తీయించి పొలాలకు తోలించు. డెక్కను చేత్తో తీయించు, కట్ట మీద మాత్రం కుప్ప వేయకు. వాన పడితే సారమంతా మళ్లీ చెరువులోకే.

ఇంకో మాట. తూము దగ్గర ఒక్కదానివే దిగకు. ఆ బురద నడుముదాకా మింగుతుంది, ఈత వచ్చినా అంతే. నవ్వకు, తాడు కట్టుకో.

బస్సు దిగగానే ఫోన్ చెయ్యి. మోకాళ్లు సహకరిస్తే కట్ట దాకా నేనూ వస్తా.

మీ పెదనాన్న